డబ్బాల కచేరీ

మా నాన్నకు చెవులు వినపడటం మానేశాయన్న సంగతి ఆ రోజుల్లో ముగ్గురికే తెలుసు: నాన్నకు, అమ్మకు, నాకు. నాలుగో మనిషికి తెలిస్తే కొంప మునుగుతుందని అమ్మ భయం. ఎందుకంటే నాన్న నూజివీడులో సంగీతం మాస్టారు. గాత్రం, వయొలిను రెండూ చెప్పేవారు. వినపడని మాస్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు?

ఇది ఎనభైల మొదట్లో సంగతి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి మాట పట్టుకునేవారు నాన్న. వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. మాస్టారికి గర్వం అనుకునేవాళ్ళు ఊళ్ళో. "అనుకుంటే అనుకోనీవే, గర్వం అనుకోవడమే మనకి మంచిది" అనేది అమ్మ.

నేను అప్పుడు ప్రైవేటుగా బి.ఏ. చదువుతూ ఇంట్లో ఉండేదాన్ని. నాన్న పాఠం చెబుతుంటే నా ఉద్యోగం పిల్లల వెనక గోడకు ఆనుకుని కూర్చోవడం. ఎవరైనా శ్రుతి తప్పితే జడ ముందుకు వేసుకోవాలి. తాళం తప్పితే గాజులు సర్దుకోవాలి. నాన్న నా వైపు చూసీ చూడనట్టు చూసి, "ఆగాగు, మళ్ళీ ఎత్తుకో" అనేవారు. ఆ ఏర్పాటు ఎంత బాగా నడిచిందంటే, మాస్టారి చెవికి ఆవగింజంత తేడా కూడా దొరికిపోతుందని పేరొచ్చింది. ఒకసారి మెడ మీద చీమ కుట్టి నేను జడ లాక్కున్నాను. పాపం, చిలకలా పాడుతున్న పిల్ల చీవాట్లు తింది. ఇంటికెళ్ళి అన్నం మానేసిందట. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో కానీ నన్ను క్షమించాలి.

అలాంటి ఇంట్లోకి ఒక ఎండాకాలం మా బాబాయి దిగాడు.

బాబాయి నాన్నకు సొంత తమ్ముడు. పన్నెండేళ్ళు చిన్నవాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, వయొలిను పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ నాన్నే నేర్పారు. నాన్నంతటి వాడవుతాడని అందరూ అనుకుంటున్న రోజుల్లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, వయొలిను పెట్టెలో పెట్టి మద్రాసు వెళ్ళిపోయాడు, బొమ్మలు వేయడం నేర్చుకుంటానని. అక్కడ గడ్డాల వాళ్ళతో, పూసల దండల వాళ్ళతో, హిప్పీలతో తిరిగాడు. పాత పద్ధతులన్నీ విరిచి పారేసి కొత్త కళ పుట్టించాలని దేశదేశాల కుర్రకారు ఊగిన కాలం అది. విదేశాల్లో ఆ గాలి వీచి అప్పటికే పదిహేనేళ్ళయింది. మా నూజివీడు రావాలంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాలి కదా, ఆ మాత్రం ఆలస్యం మామూలే.

వస్తూ ఒక టేపురికార్డరు, సంచీ నిండా క్యాసెట్లు తెచ్చాడు. వచ్చిన రోజే వసారాలో కూర్చోబెట్టి నాకూ అమ్మకూ ఒకటి వినిపించాడు. ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు. రైలు కూత మధ్యలో తెగిపోయింది. రేడియోలో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య వచ్చే బరబర చప్పుడు, దాని మీద ఎవరో మూలుగుతున్నట్టు ఒక తంత్రి. అమ్మ ఓపిగ్గా రెండు నిమిషాలు విని, "టేపు చుట్టుకుపోయినట్టుందయ్యా, పెన్సిలు పెట్టి తిప్పకూడదూ" అంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటండీ, మీ ఫ్యాను గానీ పాడైందా?" అని అడిగింది.

బాబాయికి కోపం రాలేదు. అదే సంగీతం అన్నాడు. ఎవరో కట్టి ఇచ్చిన స్వరాలే సంగీతం కాదట. చెవిన పడ్డ ప్రతిదీ, శ్రద్ధగా వింటే సంగీతమేనట. నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళు సరళీ స్వరాలతో గొంతు అరగదీసుకున్నదాన్ని. "అయితే అమ్మ అంట్లు తోమేది కూడా కచేరీయేనా?" అన్నాను.

"అదే కదమ్మాయ్ నేను చెప్పేది!" అని ఎగిరి గంతేసి, టేపురికార్డరు దొడ్లోకి పట్టుకెళ్ళాడు. తన చేతులు టేపులో పడుతున్నాయని అమ్మకు సిగ్గేసింది. జన్మలో ఎన్నడూ లేనట్టు, గిన్నెకు గిన్నె తగలకుండా, చెంచా మోగకుండా తోమింది. అరగంట టేపులో ఒక్క చప్పుడు లేదు. చివర్లో మాత్రం "అయిపోయిందయ్యా" అన్న అమ్మ గొంతు ఉంది.

ఇంత జరుగుతున్నా నాన్న తల తిప్పలేదు. ఎదురు గదిలో పేపరు చదువుకుంటూ ఉండిపోయారు. బాబాయి మాటిమాటికీ అటు చూసేవాడు. రోజూ ఒక క్యాసెట్టు మార్చి, రోజూ కొంచెం చప్పుడు పెంచేవాడు. నాన్న పేజీ తిప్పేవారు, అంతే. ఒకరోజు బాబాయి వంటింటి గడప మీద కూలబడ్డాడు.

"వదినా, నన్ను పేపర్లో పొగడక్కర్లేదు, శాలువాలు కప్పక్కర్లేదు. వయొలిను వదిలేసి పోయానని అన్నయ్య నా మీద పెట్టుకున్న కోపం నాకు తెలుసు. కానీ నేను చేసింది ఒక్కటి, ఒకే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వింటే చాలు. తిట్టినా ఫరవాలేదు. వినను కూడా వినడే! ఆయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. చెప్పేస్తే పోయేది కదా అని ఇప్పుడు ఎవరైనా అనవచ్చు. ఆ రాత్రి అమ్మ అడిగింది కూడా, తమ్ముడికి చెబుదామా అని. నాన్న తల అడ్డంగా ఊపారు. "వాడికి శ్రుతి చూపించింది నేను. ఈ చెవుల్ని చూసే వాడు సంగీతం నేర్చుకున్నాడు. వాడికి మాత్రం తెలియకూడదు" అన్నారు.

ఆగిరిపల్లి దారిలో మాకు తాతగారి నాటి రెండెకరాల మామిడితోట ఉండేది. ఏటా పూత మీదే కౌలుకు ఇచ్చేవాళ్ళం. కాయ దిగేదాకా అందులో ఒక అవ్వ కాపలా ఉండేది. తోట మధ్యలో మంచె, మంచె గుంజలకు కట్టిన తాళ్ళు. ఆ తాళ్ళు చెట్టు చెట్టుకూ పోయి, కొమ్మల్లో వేలాడే పాత నెయ్యి డబ్బాలకు, కిరసనాయిలు డబ్బాలకు కట్టి ఉంటాయి. ఏ చెట్టు మీద చిలకలు వాలితే ఆ తాడు లాగుతుంది అవ్వ. దూరాన ఎక్కడో డబ్బా గలగలమంటుంది, చిలకలు లేచిపోతాయి. అవ్వ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలదు.

చిన్న రసాలు తిందామని ఒక పొద్దున అక్కడికి వెళ్ళిన బాబాయి సాయంత్రం దాకా తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, మంచె కింద కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు, చేతిలో పండు చేతిలోనే. "ఇది వాయిద్యం! రెండెకరాల వాయిద్యం! మనిషి లోపల కూర్చుని వాయించే వీణ!" అని అరిచాడు. అవ్వ నాతో మెల్లగా, "అబ్బాయిగారికి ఎండదెబ్బ తగిలినట్టుందమ్మా, మజ్జిగ పట్టండి" అంది.

ఇరవై రోజులు తోటలోనే ఉన్నాడు. కొబ్బరితాడు సాగి ధ్వనిని మింగేస్తోందని తీసేసి ఇనుప తీగలు బిగించాడు. ఒక డబ్బాలో ఇసుక, ఒక దానిలో గులకరాళ్ళు, ఒక దానిలో మామిడి టెంకలు. వాటి మధ్య సీసాలు, సైకిలు బెల్లులు. గోనెపట్టాల మీద రంగులు కుమ్మరించి అవి కూడా కొమ్మలకు కట్టాడు. కాయలు కోయడానికి వచ్చిన కూలీలు అవి చూసి, "దిష్టికా బాబూ?" అని అడిగారు. తీగ ఎలా లాగాలో అవ్వకు నేర్పబోతే, తాతకు దగ్గులు నేర్పినట్టు, ఆమె నవ్వి చేతిలోంచి తీగ లాక్కుంది. "నలభయ్యేళ్ళ నించి లాగతన్నా. దీన్ని కచేరీ అంటారని ఒక్కరూ సెప్పలేదే!" అంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది: "అన్నీ ఒక్కసారి లాగమాకు బాబూ." తీగలు తెగుతాయని ఆమె భయమనుకున్నాడు బాబాయి. నేను అక్కడే ఉన్నాను, నాకూ అప్పుడు తట్టలేదు.

ఆఖరి కోతల రోజుల్లో ఒక సాయంకాలం కచేరీ పెట్టాడు. వారం ముందు నాన్న ఎదురుగా వచ్చి కూర్చుని, "అన్నయ్యా, నువ్వు రావాలి" అన్నాడు. ఆ మూడు మాటలూ పెదవుల మీద స్పష్టంగా కనపడ్డాయి. నాన్న "వస్తాను" అన్నారు.

ఇంక మళ్ళీ నా ఉద్యోగం నాకు తప్పలేదు. నేను పక్కనే కూర్చుంటాను, పైట సర్దుకున్నప్పుడల్లా మీరు తల ఊపండి, అయిపోయాక భుజం తాకుతాను, "బాగుందిరా" అనండి అని చెప్పాను. నాన్న సరేనన్నారు.

తోటలో చాపలు పరిచారు. ముప్పైమంది దాకా కోత కూలీలు, నాన్న దగ్గర నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఇద్దరు ముగ్గురు బడి మాస్టార్లు. నాన్నను పెద్దవారని మంచె దగ్గరే, గుంజకు ఆనుకుని కూర్చోబెట్టాడు బాబాయి. తను మంచె మీదకెక్కాడు.

మొదట ఒక్క డబ్బా. ఎక్కడో తోట చివర. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఒక కాయ తనంతట తాను గడ్డి మీద రాలింది. అప్పుడు ఇసుక డబ్బా, సీసా, మళ్ళీ దూరాన మొదటి డబ్బా. వెక్కిరిద్దామని వచ్చినదాన్ని కదా, పది నిమిషాలకు నా ముఖం మారిపోయింది. ఒకవైపు నుంచి అడిగితే ఇంకోవైపు నుంచి జవాబు వస్తోంది. చెట్లు మాట్లాడుకుంటున్నాయి. నేను పైట సర్దుకోవడం మర్చిపోతూ, గుర్తొచ్చినప్పుడు సర్దుకుంటూ ఉన్నాను. నాన్న తల ఊపుతూనే ఉన్నారు.

చివర్లో బాబాయి లేచి నిలబడి, రెండు చేతులా తీగలన్నీ కూడదీసి ఒక్కసారిగా లాగాడు.

మా వైపు తోటల్లో డబ్బాలన్నీ ఒకేసారి మోగడానికి ఒకటే అర్థం. కోతుల మంద దిగిందని. అది వినపడితే తినేవాళ్ళు కంచం వదిలేసి, రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిలు పడేసి పరిగెత్తాలి. ఎవరి తోట అని అడగరు. ఆలస్యమైతే మంద చెట్టును దులిపి పారేస్తుంది. పద్దెనిమిదేళ్ళకే ఊరు వదిలిన బాబాయి ఆ సంగతి మర్చిపోయాడు. కచేరీకి వచ్చినవాళ్ళు మాత్రం తాము కచేరీలో ఉన్నామన్న సంగతి మర్చిపోయారు. ముప్పైమంది కూలీలు "హో! హో!" అంటూ లేచారు. పిల్లలు లేచారు, బడి మాస్టార్లు పంచె ఎగ్గట్టారు. అమ్మ మజ్జిగ చెంబు మోగిస్తూ పరిగెత్తింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ పరిగెత్తాను. పక్కన నాన్న ఉన్నారని, నా పైట కోసం చూస్తుంటారని, ఒక్క క్షణం కూడా తోచలేదు.

తోట చివరిదాకా వెళ్ళాం. కోతి లేదు, కోతి తోక లేదు. రంగుల గోనెపట్టాల కింద అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే వెనక్కి తిరిగాను. నా నవ్వు ఆగిపోయింది.

ఖాళీ చాపల మధ్య నాన్న ఒక్కరే కూర్చుని ఉన్నారు. గుంజ మీద చెయ్యి, నిటారుగా ఉన్న వీపు, కొంచెం వంచిన తల. మంచె మీంచి బాబాయి ఆయన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టుంది. నిచ్చెన సంగతి మరిచిపోయి దూకాడు. వచ్చి అన్నయ్య కాళ్ళ మీద పడ్డాడు.

"అందరూ లేచిపోయారన్నయ్యా! నువ్వొక్కడివే కూర్చున్నావు. చివరిదాకా విన్నావు!"

నేను రొప్పుతూ పరిగెత్తుకొచ్చాను. దూరం నుంచే పైట సర్దాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాన్న నన్ను చూశారు. తల ఊపితే అయిపోయేది. ఇరవై ఏళ్ళ కోరిక తీరినట్టు తమ్ముడు, గుట్టు దక్కినట్టు మేము, అందరం బాగానే ఉండేవాళ్ళం. నాన్న తల ఊపలేదు. తమ్ముడి భుజాలు పట్టి లేపారు.

"నేను విని కూర్చోలేదురా" అన్నారు. వినపడనివాళ్ళు మాట్లాడినట్టే, అవసరానికి మించి గట్టిగా. చెట్ల కింద నిలబడ్డ వాళ్ళందరికీ వినపడింది. "వినపడక కూర్చున్నాను."

మజ్జిగ చెంబు పట్టుకునే అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "ఎప్పట్నించి?" అన్నాడు బాబాయి, తల దించుకుని. ఆ పెదవులు నాన్నకు కనపడలేదు. నేను ఎదురుగా వెళ్ళి ఆ మాటే మళ్ళీ అన్నాను. "నాలుగేళ్ళు" అన్నారు నాన్న. పిల్లల తల్లిదండ్రులు నా జడ వైపు, గాజుల వైపు చూశారని నాకు అనిపించింది. నిజానికి వాళ్ళకు అప్పటికి ఏమీ తెలియదు.

అమ్మ భయపడినంతా జరగలేదు కానీ కొంత జరిగింది. ఆ తర్వాత వారంలోనే సగంమంది పిల్లలు మానేశారు. మిగిలిన సగం మందికి నేను గోడ దగ్గర నుంచి లేచి వచ్చి, నాన్న పక్కన, అందరి ఎదుటా కూర్చుని పాఠం చెప్పాను. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంకాలం ఇంకా అయిపోలేదు.

"ఒకటి చెప్పరా" అన్నారు నాన్న. గుంజ మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది. "దీని లోపల ఏదో పాకుతూ వచ్చింది. ఆగింది. నేను పోయిందనుకున్నాను. మళ్ళీ ఇంకో తీరుగా వచ్చింది. పిల్ల పైట సర్దినప్పుడు కాదు, అది వచ్చినప్పుడు తల ఊపాను నేను. అది నీదేనా?"

బాబాయి తల ఊపాడు. పక్కకు వెళ్ళి పట్టకారు తెచ్చాడు. అన్నిటికన్నా పొడవైన తీగ వెంట నడుస్తూ, దానికి కట్టిన డబ్బాల్ని ఒక్కొక్కటే కత్తిరించి పారేశాడు. సీసాలు తీసేశాడు, బెల్లు ఊడబెరికాడు. చెట్టుకూ గుంజకూ మధ్య ఉత్త తీగ మిగిలింది. దాన్ని మెలిపెట్టి బిగించి, మంచె దగ్గర కొసను నాన్న చేతికిచ్చాడు. తను రెండో కొస దగ్గరికి వెళ్ళి, చెట్టు మొదట్లో కూర్చుని, వేలితో మీటాడు.

మాకు ఏమీ వినపడలేదు. నాన్న కళ్ళు మూసుకున్నారు. బాబాయి మళ్ళీ మీటాడు, రెండుసార్లు, కాసేపాగి ఇంకొకసారి. నాన్న రెండో చెయ్యి తొడ మీద లేచి పడింది. తర్వాత ఆయనే వంగి తీగ మీటారు. అక్కడ చెట్టు దగ్గర బాబాయి నవ్వుతూ ఏడుస్తున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒకటే ఏడుపు.

అవ్వ నా పక్కకు వచ్చి నిలబడింది. "ఏం జేత్తన్నారమ్మా అన్నదమ్ములు?"

"కచేరీ" అన్నాను.

"మరి మనకేం ఇనపడట్లేదేంటి?"

"అది మనక్కాదు అవ్వా. ఆయనకి."

అవ్వ కాసేపు ఆ ఇద్దరినీ, మధ్యలో తీగనూ చూసింది. వెనక్కి తిరిగింది. కూలీలు అప్పుడప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. "ఎవురూ మాట్టాడమాకండి! పాట జరగతంది, కూకోండి!" అని గదిమింది. ముప్పైమందీ వచ్చి, చాపల మీద ఎవరి చోట్లో వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.